దూది దగ్గు

మా వీధిలో ఎవరికైనా మంచి నిద్ర పడుతోందంటే అది మా వదిన చలవే. ఆమె పరుపులు కుడుతుంది. షాపులోకి మనిషి రాగానే పరుపు సంగతి మాట్లాడదు. ముందు బల్ల మీద కూర్చోమంటుంది. కూర్చునేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టారు, లేచేటప్పుడు దేన్ని పట్టుకున్నారు, అదంతా పని చేసుకుంటూనే ఓరకంట చూస్తుంది. అప్పుడు అడుగుతుంది, ఏ వైపు తిరిగి పడుకుంటారని. ఒకసారి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి మెత్తటి పరుపు కావాలని ఒకరు, గట్టిది కావాలని ఒకరు షాపులోనే దెబ్బలాడుకున్నారు. వదిన సగం గట్టిగా సగం మెత్తగా నింపి ఒకే పరుపు కుట్టిచ్చింది. ఆ సంసారం తనే నిలబెట్టానని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

వీధిలో అందరూ ఆమెని దూదమ్మ అంటారు. నోరు కాస్త పెద్దదే. మాట తప్పిన వాళ్ళనీ బేరాలాడేవాళ్ళనీ నిలబెట్టి కడిగేస్తుంది. "దూదిని మెషీన్ ఏకుతుంది, మనుషుల్ని నేను ఏకుతాను" అని ఆవిడే అంటుంది.

నేను ఆమె మొగుడి చెల్లెల్ని. ఆ షాపులో గలీబులు, పరుపు గుడ్డలు కుట్టేది నేనే. కాళ్ళతో మెషీన్, నోటితో లోకం తొక్కుతానని మా అన్నయ్య ఎద్దేవా చేస్తాడు. వాడి మాటకేం గానీ, మా వదిన గురించి చెప్పాలంటే నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు లేరు. ఆమె కుట్టిన పరుపులు చాలామందికి తెలుసు. ఆమె తన కొడుకుని ముట్టుకోవడం మానేసిన రోజులు మాత్రం నాకే తెలుసు.

ఆ ఇంటికో వింత ఉంది. అక్కడ మగవాళ్ళంతా అల్లుళ్ళే. షాపు మొదట వదిన వాళ్ళ అమ్మమ్మది. ఆ తరవాత వదిన వాళ్ళ అమ్మది, ఆవిణ్ణి నేను అత్తయ్యా అంటాను. ఇప్పుడు వదినది. ప్రతి తరంలోనూ ఆడపిల్ల గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, బయటినుంచి ఓ అల్లుడొచ్చి దూది ఏకుతాడు. మా అన్నయ్య అలా ఇల్లరికం వచ్చినవాడే. అమ్మా నాన్నా లేనివాళ్ళం కాబట్టి వాడి వెనకాల నేనూ ఓ సామానులా వచ్చేశాను. సంబంధం మాట్లాడినప్పుడు అత్తయ్య ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మీవాడికి దుమ్ము పడుతుందా?" పడుతుందన్నాం. అయితే పిల్లనిస్తామంది.

కొడుకులు లేరేం అని అప్పుడు అడగలేదు. తరవాత తెలిసింది, పుట్టారు గానీ నిలవలేదని. అత్తయ్యకి ఇద్దరన్నలు, ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. అత్తయ్యకి ఇద్దరు కొడుకులు, వాళ్ళూ పోయారు. అందరిదీ ఒకటే వరస. చంటివాడు కొన్నాళ్ళు బంగారుబొమ్మలా ఉంటాడు, ఆ తరవాత చెవి కారుతుంది, ముక్కు కారుతుంది, దగ్గు పట్టుకుంటుంది, ఆ దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ ఇంట్లో దానికో పేరు కూడా ఉంది. దూది దగ్గు. మగపిల్లలకి దూది పడదు అనే మాటని వాళ్ళు ఉప్పు ఉప్పగా ఉంటుందన్నంత మామూలుగా అనేవాళ్ళు.

అందుకే ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. ఆడపిల్లలు దూది కుప్పల మీద పొర్లి పెరగొచ్చు, మగపిల్లాడు మాత్రం షాపు గడప తొక్కకూడదు. మేడమీద గదిలో, కిటికీలకి తడిగుడ్డలు కట్టి పెంచాలి. ఆ తడిగుడ్డలు మార్చే పని అత్తయ్యది. ఇంట్లో పొయ్యి ఆరినా ఊరుకునేది గానీ, ఆ గుడ్డలు ఆరితే ఊరుకునేది కాదు.

వదినకి కొడుకు పుట్టాడు. బక్కగా, చురుగ్గా ఉంటాడని వాణ్ణి పిచ్చుక అంటాం. తడిగుడ్డల వెనకే పెరిగాడు, అయినా చెవి కారింది. దగ్గొచ్చింది. నిమోనియా అన్నారు, ఆస్పత్రిలో పెట్టారు, మందులిచ్చారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. షాపు పైన కాపురమేమిటని అత్తయ్య పోరు పెడితే అవతలి వీధిలోకి ఇల్లు మారాం. అక్కడా జబ్బుపడ్డాడు. దూది ఇంటికి రాకపోతే జబ్బు మరెలా వచ్చిందని అందరూ ఆలోచించి, చివరికి వదిన వైపు చూశారు. దూది ఆమె చీరలో ఉంది, జుట్టులో ఉంది, ఊపిరిలో ఉంది. అన్నయ్యకీ నాకూ అదే దుమ్ము అంటుకునేది గానీ, పిచ్చుక పడుకునేది తల్లి పక్కనే.

అప్పట్నుంచి వదిన షాపు నుంచి రాగానే పెరట్లోంచి లోపలికి వచ్చేది. తలస్నానం చేసి, బట్టలు మార్చి, చేతులు మళ్ళీ కడుక్కుని అప్పుడు వాడి దగ్గరికి వెళ్ళేది. ఒక్కోరోజు అంతా అయ్యేసరికి వాడు నిద్రపోయేవాడు. వాడికి ఏడేళ్ళు వచ్చేసరికి ఆమె స్నానం చేసినా ముట్టుకోవడం తగ్గించేసింది. గుమ్మంలో నిలబడి కథలు చెప్పేది. వాడు రమ్మని చేతులు చాపేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. దూది మీద కోపమో, అత్తయ్య మీద కోపమో తెలిసేది కాదు, పోయి మెషీన్ తొక్కేదాన్ని. ఊళ్ళో అందర్నీ ఏకే మనిషి, ఆ గుమ్మం మాత్రం దాటలేకపోయేది.

ఇంతలో అత్తయ్య ఓ నిర్ణయానికి వచ్చింది. కొండల దగ్గర ఆవిడ చెల్లెలుంది. గాలి మంచిదట, చుట్టుపక్కల దూది పేరెత్తే దిక్కే లేదట. పిచ్చుకని అక్కడ పెట్టి చదివించాలి. వదిన పండక్కీ పబ్బానికీ కూడా వెళ్ళకూడదు, ఫోన్లోనే చూసుకోవాలి. "బతికుంటే చాలదా" అంది అత్తయ్య. వదిన సరేనంది. జీవితంలో మొదటిసారి ఫోమ్ కొంది, పిల్లాడితో పంపడానికి దాంతో ఓ చిన్న పరుపు కుట్టింది. ఫోమ్ పరుపులమ్మేవాణ్ణి వీధి చివరి దాకా తరిమిన మనిషి. కుడుతున్నంతసేపూ తలెత్తలేదు.

బయల్దేరే లోపలే వాడికి మళ్ళీ ఊపిరాడలేదు. ఈసారి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఉంది, సన్నగా, కళ్ళజోడు తలమీదకి తోసుకుని. ఆవిడ తొందరపడి మందులు రాయలేదు. వాడు కాస్త తెరిపిన పడేదాకా చూసుకుని, ఆ తరవాత మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుంది.

"ఏదీ నాన్నా, నోరు తెరువు" అని టార్చి వేసి చూసింది. మళ్ళీ చూసింది. "టాన్సిల్స్ ఎప్పుడు తీయించారు?" అని అడిగింది.

"తీయించలేదండి" అంది వదిన.

"మరి లేవే. ఇన్నిసార్లు చెవి, గొంతు పాడైన పిల్లాడికి అవి వాచి కనపడాలి. వీడికి అసలు ఉన్నట్టే లేదు."

"దూది తినేసుంటుంది" అంది వెనకనుంచి అత్తయ్య.

ఇంకొకరైతే నవ్వేవారు. డాక్టరమ్మ నవ్వలేదు. దూదేమిటమ్మా అని అడిగింది. ఇక అత్తయ్య మొదలుపెట్టింది. తన అన్నలు, తన కొడుకులు, తడిగుడ్డలు, ఇల్లు మారడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ ఎక్కడా అడ్డు తగల్లేదు. పోయినవాళ్ళు ఎవరికి ఏమవుతారో మాత్రం మధ్యమధ్యలో అడిగి, కాగితం మీద ఆడవాళ్ళకి గుండ్రాలూ మగవాళ్ళకి చదరాలూ గీసుకుంది. అంతా అయ్యాక తలెత్తి, "ఇంట్లో రోజంతా దూదిలో పనిచేసే మగవాళ్ళు ఎవరూ లేరా?" అంది.

మా అన్నయ్య గోడకానుకుని నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఓసారి అటూ ఇటూ చూసి చెయ్యెత్తాడు. "నేనున్నానండి."

"దగ్గొస్తుందా?"

"రాదండి. ఆకలేస్తుంది."

"మీ మావగారికి వచ్చేదా?"

"ఆయన నిండా ముసలాడై పోయారండి. దగ్గి పోలేదు."

అత్తయ్యకి ఇందులో వింతేమీ కనపడలేదు. "అల్లుళ్ళకి పడుతుందమ్మా. కొడుకులకే పడదు" అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దించుకుంది. "ఎవరు అల్లుడో ఎవరు కొడుకో దూదికి ఎలా తెలుస్తుందమ్మా?" అని మెల్లిగా అడిగింది.

మూడు తరాలుగా నోట్లో నానుతున్న మాట, దాన్ని తిప్పి చూసినవాళ్ళు లేరు. నేను వదిన మొహంలోకి చూశాను. దిండులో ఏదో గట్టిగా తగిలినప్పుడు వేళ్ళతో వెతుకుతుంది చూడండి, మొహం అలా ఉంది.

"మీరు చెప్పినదాంట్లో నాక్కావలసింది ఉంది" అంది డాక్టరమ్మ. "ఆడవాళ్ళు బాగున్నారు. వాళ్ళకి పుట్టిన మగపిల్లలు జబ్బుపడుతున్నారు. బయటినుంచి వచ్చిన మగవాళ్ళు అదే దుమ్ములో నిక్షేపంలా ఉన్నారు. ఇది గాల్లోంచి వచ్చేదిలా లేదు. పుట్టుకతో వచ్చేదిలా ఉంది. చూద్దాం."

ముందు మామూలు రక్తపరీక్ష చేశారు. క్రిముల్ని పట్టి చంపే యాంటీబాడీలు ప్రతి మనిషి రక్తంలోనూ ఉంటాయట. పిచ్చుక రక్తంలో దాదాపు లేవు. తలుపుల్లేని ఇంట్లోకి ఎవడైనా దూరతాడు కదా, వీడి ఒంట్లోకీ అంతే. పుట్టిన కొత్తలో బాగుండటానికి కారణం కూడా చెప్పింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆమెవి కొన్ని బిడ్డకి వస్తాయట, అవి అయిపోయేదాకా బాగుంటాడట. ఎందుకు తయారవడం లేదో తేల్చాలంటే జన్యుపరీక్ష చేయాలి, అది రావడానికి కొన్ని వారాలు పడుతుంది అంది.

ఆ పరీక్షకి వదినదీ వాడిదీ ఇద్దరి రక్తం తీశారు. వాడికి తీసినప్పుడు చిన్న రభస అయింది. నర్సు సూది తీసి, అలవాటు కొద్దీ చిన్న దూది ఉండ వాడి చేతిమీద అదిమింది. అత్తయ్య ఒక్క అంగలో వచ్చి దాన్ని లాగి కిటికీలోంచి అవతల పారేసింది. రక్తం కారుతూనే ఉంది. నర్సు బిత్తరపోయి ఇంకో ఉండ తీసింది, అదీ పోయింది. చివరికి మా అన్నయ్య జేబురుమాలు కట్టారు. పిచ్చుక మాత్రం పడీపడీ నవ్వాడు. ఆస్పత్రిలో వాడు నవ్వడం అదే మొదలు.

పరీక్ష ఫలితం రాకముందే డాక్టరమ్మ వైద్యం మొదలుపెట్టేసింది. వాడి ఒంట్లో తయారుకాని యాంటీబాడీల్ని బయటినుంచి సెలైన్ లాగా ఎక్కించడం. నెలకోసారి, జీవితాంతం. అది ఎక్కడినుంచి వస్తుందని వదిన అడిగింది. రక్తదానం చేసినవాళ్ళ దగ్గరనుంచే, ఒక్కో సీసాలో కొన్ని వేలమందివి కలిసి ఉంటాయి అంది డాక్టరమ్మ. వదిన ఆ సీసా వంక చూసింది.

"అంటే ముక్కూమొహం తెలియని వేలమంది కలిసి మావాణ్ణి కాస్తున్నారన్నమాట" అంది. "వాళ్ళందరికీ పరుపులు కుట్టాలంటే నా జన్మ చాలదు."

పిచ్చుక తేరుకున్నాడు. అన్నం తిన్నాడు, ఇంకా కావాలన్నాడు. మేం మురిసిపోయాం గానీ అత్తయ్య ముందు మా ఆటలు సాగలేదు. "ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఉన్నాడు, దూదికి దూరంగా ఉన్నాడు, అందుకే తేరుకున్నాడు" అంది. "మందు పనిచేసిందో, దూది లేకపోవడం పనిచేసిందో మీకెలా తెలుసు?"

నిజమే, మాకెలా తెలుసు? పాపం, ఆవిడ మొండిగా వాదించడం లేదు. నలుగురు మగపిల్లలు కళ్ళముందే పోయిన మనిషి, ఐదోవాణ్ణి ఎలాగైనా దాచుకోవాలని చూస్తోంది. కానీ ఆ కొండల దగ్గర ఈ సీసాలు ఎక్కించే ఆస్పత్రి లేదు. అక్కడికి పంపితే మందు ఆగిపోతుంది. పంపకుండా ఉంచితే, అత్తయ్య మాటే నిజమైతే, వదిన చేతులారా కొడుకుని పోగొట్టుకున్నట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రిపోర్టు వచ్చేదాకా ఆగమ్మా" అంది వదిన.

"అందులో ఏమీ లేదని వస్తే?"

"నువ్వు చెప్పినట్టే పంపించేస్తాను."

"మాట తప్పవుగా?"

"ఎప్పుడైనా తప్పానా?"

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. వదిన షాపులో ఎప్పటికంటే గట్టిగా అరిచేది. ఫోన్ మోగితే మాత్రం దబ్బనం చేతిలోంచి జారిపోయేది. అత్తయ్య అవతల పిచ్చుక బట్టలు సర్దుతూనే ఉంది. సర్దిన సంచీ గుమ్మం పక్కన పెట్టింది. రోజూ దాన్ని దాటుకునే మేం తిరిగాం.

ఆస్పత్రినుంచి కబురు వచ్చిన రోజు వదిన పరుపు నింపుతోంది. ఉన్నపళాన లేచింది. ఇంటికెళ్ళి స్నానం చేసి వెళ్దామంటే, "ఈలోగా ఆ డాక్టరమ్మ వెళ్ళిపోతే?" అని జుట్టునిండా దూదితోనే బయల్దేరింది. అన్నయ్య పిచ్చుకని తీసుకుని మా వెనకాల వచ్చి, వాడితో వరండాలోనే కూర్చున్నాడు. వదినా నేనూ లోపలికి వెళ్ళాం.

"దొరికింది" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో తటపటాయింపు లేదు, అందుకే నాకు ధైర్యం వచ్చింది. "యాంటీబాడీలు తయారుచేయమని చెప్పే జన్యువు ఒకటుంది. దాంట్లో ఓ తప్పు పడింది. ఆడవాళ్ళ దగ్గర అలాంటివి రెండు ఉంటాయి. ఒకటి చెడినా రెండోదానితో బండి నడుస్తుంది, అసలు తెలియను కూడా తెలియదు. మగపిల్లాడి దగ్గర ఒకటే ఉంటుంది. అదే చెడ్డదైతే ఇలా అవుతుంది. ఇక అనుమానం లేదు, మందు మాత్రం ఎప్పటికీ ఆపకూడదు. ఆపకపోతే బళ్ళోకి వెళ్తాడు, ఆడుకుంటాడు, పెద్దవాడవుతాడు."

"ఆ ఒకటి వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందండి?" అంది వదిన.

"తల్లినుంచే వస్తుంది. మీ రక్తంలోనూ అదే తప్పు ఉంది, చూశాం. మీ కొడుక్కి రావచ్చు, రాకపోవచ్చు. రెండూ సమానం. వచ్చింది. అందులో మీరు చేసిందేమీ లేదు."

నాకు భయమేసింది. దూది అనుకున్నంతకాలం దూదిని తిట్టుకుంది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకుంటుంది?

"అయితే నేను స్నానం చేసి ముట్టుకున్నా, చేయకుండా ముట్టుకున్నా ఒకటేనా?" అంది వదిన.

"చేతులు కడుక్కుంటే మంచిది, అది ఏ తల్లికైనా చెప్తాను. దూది వల్ల వచ్చిన జబ్బు మాత్రం కాదు."

వదిన లేచి బయటికి వెళ్ళింది. బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న పిచ్చుకని అమాంతం ఎత్తుకుంది. ఏడేళ్ళవాడు, కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. వాడు భయపడి, "అమ్మా, నీ తలలో దూది" అన్నాడు. "ఉండనీరా" అంది. వాడు మెల్లిగా ఆమె జుట్టులోంచి ఒక్కో పోగూ తీసి చూడటం మొదలుపెట్టాడు. దూదిని అలా చేత్తో పట్టుకుని చూడటం వాడి జన్మలో అదే మొదటిసారి. నేను ఏడ్చాను. అన్నయ్యా ఏడ్చాడు, కంట్లో నలక పడిందన్నాడు. వాడి కంట్లో నలక పడటం ఏమిటి, ఇరవై నాలుగ్గంటలూ దుమ్ములో బతికేవాడు.

డాక్టరమ్మ వెనకాలే వచ్చింది. నావల్ల వచ్చిందని మనసులో పెట్టుకోవద్దు, చాలామంది తల్లులు కుమిలిపోతారు అని చెప్పబోయింది. వదిన ఆవిణ్ణి పూర్తిగా చెప్పనివ్వలేదు.

"వీడికి నా ఉంగరాల జుట్టు వచ్చింది, నా కోపం వచ్చింది, ఇదీ వచ్చింది. మూడిట్లోనూ దీనికొక్కదానికే మందుందంటున్నారు. నయమే కదండీ" అంది. ఆ మాటతో మా వదిన మళ్ళీ మా వదిన అయిపోయింది. ఆ ఫోమ్ పరుపు మర్నాడే వీధి కుక్కకి దక్కింది.

అయితే పని అక్కడితో అయిపోలేదు. డాక్టరమ్మ తన గుండ్రాల కాగితం తీసి అత్తయ్య గుండ్రం మీద వేలుపెట్టింది. అత్తయ్య రక్తం కూడా చూడాలట. ఆవిడలో కూడా ఉందని తేలితే, ఆవిడ చెల్లెలి కుటుంబాన్ని కూడా పిలవాలి. ఆ కొండల దగ్గర చెల్లెలికి ఓ మనవడున్నాడు, కూతురి కొడుకు, ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నాడు. వాడికీ చెవి కారుతోందని మొన్ననే ఫోన్లో చెప్పారు. దూదే లేని చోట. మాకు అప్పటిదాకా అది తట్టనే లేదు. వాడు జబ్బుల్లో పడకముందే పట్టుకోవచ్చు అంది డాక్టరమ్మ.

దారిలో అన్నయ్య గొణుగుతూనే ఉన్నాడు. "ఈ వయసులో ఆవిడకి ఎలా చెప్తాం? నలుగురు మగపిల్లల్ని దూది తినేసిందనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు కాదు, మీ రక్తంలోనే ఉంది, మీ కడుపున పుట్టినవాళ్ళకి మీరే ఇచ్చారు అంటే తట్టుకుంటుందా? షుగర్ పరీక్ష అని చెప్పి రక్తం తీయిద్దాం."

నాకూ అదే మంచిదనిపించింది. నేనూ వాడికి వంతపాడాను. వదిన ఆగి మా ఇద్దరి వైపూ చూసింది. "పైన కొత్త దూది పెట్టి లోపల పాత దూది కూరి పరుపు అమ్మిన రోజుందా మన షాపులో? మా అమ్మకి అమ్ముతానా?" అంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య ఆ సంచీ పక్కనే కూర్చుని ఉంది. వదిన పిచ్చుకని ఎత్తుకుని, జుట్టులో దూదితో లోపలికి రావడం చూసి లేవబోయింది. వదిన తల్లి ఎదురుగా నేలమీద కూర్చుంది, పిల్లాణ్ణి ఒళ్ళోనే ఉంచుకుని. చెప్పాల్సిందంతా చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. దూది కాదమ్మా, ఇది మనలోంచి వస్తుంది, నీనుంచి నాకు, నానుంచి వీడికి, నీకు బహుశా మీ అమ్మ నుంచి. పోయిన నా అన్నయ్యలకీ ఇదే అయ్యుంటుంది. మావయ్యలకీ ఇదే. నీ రక్తం చూడాలంటున్నారు, పిన్ని మనవడి కోసం.

నేను వంటింటి గుమ్మంలో నీళ్ళ చెంబుతో నిలబడ్డాను, పడిపోతే పట్టుకోవడానికి. అత్తయ్య పడిపోలేదు. నాలోంచా అనలేదు, నా పాపమా అనలేదు. మేం భయపడిన మాట ఒక్కటీ ఆవిడ నోట రాలేదు. పిచ్చుక పాదాన్ని చేత్తో పట్టుకుని కూర్చుంది.

"దూది కాదని గట్టిగా చెప్పిందా?" అంది.

"గట్టిగానే చెప్పింది."

"మీ చిన్నన్నయ్య" అని ఆగింది. ఆ పిల్లాడి గురించి ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఒకరోజు వాన. పైగది అంతా కురుస్తోంది, వాణ్ణి పెట్టడానికి పొడిచోటు లేదు. చెవిపోటుతో రాత్రంతా నిద్ర లేదు వాడికి. ఏడుస్తూనే ఉన్నాడు. మీ నాన్న బజారుకి వెళ్ళారు. ఎవరూ లేరు కదా అని కిందికి తీసుకెళ్ళి దూది కుప్ప మీద పడుకోబెట్టాను. చెయ్యి వేసి జోకొడితే నిద్రపోయాడు. ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఆ తరవాతే జ్వరం వచ్చింది. అదే ఆఖరు."

వదిన తల్లి చేతిమీద తన చెయ్యి వేసింది.

"దానివల్ల కాదా?" అంది అత్తయ్య.

"కాదమ్మా. అప్పటికే చెవిపోటు ఉందన్నావుగా. జబ్బు ముందే ఉంది."

"రేపు నేనొచ్చి ఆవిణ్ణి అడుగుతాను. రక్తం ఎంత కావాలంటే అంత తీసుకోమను. అడిగితే నిజం చెప్తుందిగా?"

"చెప్తుంది. ఇదే చెప్తుంది."

అత్తయ్య తలూపింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. వదిన కంటే చిన్నపిల్లలా అడిగింది.

"అయితే ఆ రోజు వాడు, ఊరికే హాయిగా నిద్రపోయాడా?"

"అంతేనమ్మా" అంది మా వదిన. "హాయిగా నిద్రపోయాడు."